పడగ్గదిలో పుట్టిన ఆల్బమ్

ఖరీదైన స్టూడియో లేదు. వాద్యబృందం లేదు. సౌండ్ ఇంజినీరు అసలే లేడు. ఓ అద్దె ఇల్లు, ఓ గిటారు, ఓ మౌతార్గాన్, క్యాసెట్టు మీద రికార్డు చేసే చిన్న పెట్టె... అంతే! ఆ సరంజామాతో ఓ రాక్ గాయకుడు తన కోసం పాడి పెట్టుకున్న పాటలు ప్రపంచ సంగీత చరిత్రలో ఓ మైలురాయి అయ్యాయి. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ సోలో ఆల్బమ్ ‘నెబ్రాస్కా’ పుట్టుక వెనుక కథ ఇది.

రాక్ సంగీతం అనగానే మనకేం గుర్తొస్తుంది? చెవులు చిల్లులు పడే డ్రమ్ములు, కరెంటు గిటార్లు, రంగురంగుల లైట్లు, వేల మంది కేకలు. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ కచేరీలూ అలాగే ఉండేవి. మూడు గంటలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువసేపు, వేదిక మీద చెమటలు కక్కుతూ పాడటం ఆయనకు అలవాటు. వెనక ‘ఈ స్ట్రీట్ బ్యాండ్’ అనే దండు. అలాంటి మనిషి ఓ చలికాలంలో ఆ హడావుడినంతా పక్కన పెట్టేసి, గదిలో ఒంటరిగా కూర్చుని గుసగుసలాడినట్టు పాడాడు. ఎందుకు?

పేరొచ్చింది... ప్రశాంతత పోయింది

స్ప్రింగ్‌స్టీన్ 1949 సెప్టెంబరు 23న అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో పుట్టాడు. పెరిగింది ఫ్రీహోల్డ్ అనే చిన్న ఊళ్లో. నాన్న డగ్లస్ ఏ ఉద్యోగంలోనూ కుదురుగా నిలవలేదు. తివాచీల మిల్లు, ఫోర్డు కార్ల ఫ్యాక్టరీ, జైల్లో గార్డు పని, బస్సు డ్రైవరు... ఇలా ఒకటి పోతే ఇంకొకటి. అమ్మ అడెల్ ఓ లాయరు దగ్గర సెక్రటరీ. ఇల్లు నడిచింది చాలావరకూ ఆమె జీతం మీదే. అలాంటి ఇంట్లోంచి వచ్చిన కుర్రాడు గిటారు పట్టుకుని పైకొచ్చాడు.

1980 అక్టోబరులో వచ్చిన ‘ది రివర్’ ఆల్బమ్ ఆయన్ని అమెరికా అమ్మకాల పట్టికలో తొలిసారి మొదటి స్థానానికి చేర్చింది. ఆ పాటలతో ఏడాదిపాటు ఊరూరా తిరిగాడు. 1981 సెప్టెంబరులో ఆ యాత్ర ముగిసింది. చేతి నిండా డబ్బు, దేశమంతా పేరు. వయసు 32. ఇంకేం కావాలి?

కానీ ఇంటికి తిరిగొచ్చాక చూసుకుంటే ఆయనకంటూ ఓ ఇల్లు లేదు, సంసారం లేదు. కచేరీ ఉన్నన్నాళ్లూ మోగిన చప్పుడు ఆగిపోయేసరికి లోపలున్న శూన్యం వినిపించడం మొదలైంది. న్యూజెర్సీలోని కోల్ట్స్ నెక్ అనే పల్లెటూరి ప్రాంతంలో, నీటి రిజర్వాయరు పక్కన ఓ ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. పగలు చదవడం, రాత్రి రాయడం. అప్పుడప్పుడూ కారేసుకుని ఒంటరిగా ఫ్రీహోల్డ్ వెళ్లడం. తాను చిన్నప్పుడు ఉన్న ఇళ్ల ముందు నుంచి నెమ్మదిగా కారు పోనిచ్చి, దిగకుండానే వెనక్కి రావడం. ఇదీ ఆయన దినచర్య.

ఓ రోజు టీవీలో ‘బ్యాడ్‌లాండ్స్’ అనే సినిమా చూశాడు. టెరెన్స్ మాలిక్ 1973లో తీసిన సినిమా అది. దానికి ఆధారం ఓ నిజం కథ. నెబ్రాస్కా రాష్ట్రానికి చెందిన చార్లెస్ స్టార్క్‌వెదర్ అనే 19 ఏళ్ల కుర్రాడు 1957 డిసెంబరు, 1958 జనవరి నెలల్లో 11 మందిని చంపాడు. 1959లో అతనికి మరణశిక్ష అమలైంది. ఎందుకు చంపాడు? ఓ మనిషి లోపల ఏం తెగిపోతే అంత దారుణానికి ఒడిగడతాడు? ఈ ప్రశ్న స్ప్రింగ్‌స్టీన్‌ని వదల్లేదు. ఆ కేసు మీద పుస్తకం రాసిన నెబ్రాస్కా విలేకరి నినెట్ బీవర్‌కు ఫోన్ చేసి మాట్లాడాడు. పాట రాశాడు. అదీ ఎలా? హంతకుణ్ని తిడుతూ కాదు, వెనకేసుకొస్తూ కాదు. హంతకుడే ‘నేను’ అంటూ తన కథ చెప్పుకున్నట్టు! ఆల్బమ్‌కు ఆ పాట పేరే స్థిరపడింది.

పెట్టెలో నాలుగు దారులు

అప్పటిదాకా స్ప్రింగ్‌స్టీన్ పాటలు స్టూడియోలోనే రూపం పోసుకునేవి. బృందమంతా కూర్చుని, వాయించి, మార్చి, మళ్లీ వాయించి... నెలల తరబడి సాగే వ్యవహారం. గడియారం తిరుగుతుంటే బిల్లూ పెరుగుతుంటుంది. అందుకే ఈసారి పాటల్ని ముందు ఇంట్లోనే పాడి చూసుకుని, బాగున్నవాటినే బృందానికి ఇద్దామనుకున్నాడు. గిటార్ల బాగోగులు చూసే సహాయకుడు మైక్ బాట్లన్‌ని పిలిచి, ఇంట్లో పాడుకోవడానికి ఓ రికార్డరు తెమ్మన్నాడు.

బాట్లన్ తెచ్చింది టియాక్ కంపెనీ వారి ‘టాస్కామ్ 144 పోర్టాస్టూడియో’. 1979లో మార్కెట్లోకి వచ్చిన యంత్రం. ధర వెయ్యి డాలర్ల పైచిలుకు. దాని గొప్పతనమేమిటంటే, మామూలు క్యాసెట్టు మీదే నాలుగు వేర్వేరు ట్రాకులు రికార్డు చేయొచ్చు.

క్యాసెట్ల కాలం ఎరిగినవారికి ఈ లెక్క తేలిగ్గానే అర్థమవుతుంది. మామూలు స్టీరియో క్యాసెట్లో టేపు మీద మొత్తం నాలుగు దారులు ఉంటాయి. ‘ఎ’ వైపు రెండు, ‘బి’ వైపు రెండు. అందుకే ఓ వైపు అయిపోగానే క్యాసెట్టు తిప్పి పెట్టేవాళ్లం. పోర్టాస్టూడియో ఆ నాలుగింటినీ ఒకే వైపున వాడుకుంటుంది. పైగా నాణ్యత కోసం టేపును రెట్టింపు వేగంతో తిప్పుతుంది. అంటే 60 నిమిషాల క్యాసెట్టు మీద పట్టేది పావుగంట సంగీతమే! కానీ లాభం ఏమిటంటే, ఒక దారిలో గొంతు, మరోదారిలో గిటారు రికార్డు చేసి, అవి వింటూ మిగతా రెండు దారుల్లో ఇంకో గొంతో, ఇంకో వాద్యమో చేర్చుకోవచ్చు. ఒక్క మనిషే నలుగురు కావచ్చు.

ఆరెంజ్ రంగు తివాచీ పరిచిన పడగ్గదిలో రెండు మామూలు మైకులు నిలబెట్టారు. గిటారు, మౌతార్గాన్, మాండొలిన్, గ్లాకెన్‌స్పీల్ (లోహపు పట్టీల మీద చిన్న సుత్తులతో వాయించే వాద్యం), టాంబురిన్... ఇవీ పరికరాలు. చాలా పాటలు నాలుగైదు టేకుల్లోపే అయిపోయాయి. అత్యధిక భాగం 1982 జనవరి 3న రికార్డయిందని చెబుతారు.

ఆ నాలుగు దారుల్నీ కలిపి ఒకే పాటగా మార్చాలి కదా! దానికి వాడిన యంత్రం ఇంకా విచిత్రం. ఎప్పుడో నీళ్లలో మునిగి, ఇక పనికిరాదని వదిలేశాక మళ్లీ ఎలాగో ప్రాణం పోసుకున్న పానాసోనిక్ టేప్‌రికార్డరు! మధ్యలో ఎకోప్లెక్స్ అనే పరికరం తగిలించి గొంతుకు కాస్త ప్రతిధ్వని చేర్చారు. పాత బావిలోంచి పిలిచినట్టు, రాత్రిపూట దూరపు రేడియో స్టేషను వినిపించినట్టు ఉండే ఆ ధ్వని అలా పుట్టిందే. ఎవరూ లెక్కలు వేసి సాధించింది కాదు.

పేపర్లో వచ్చే మనుషులే

ఆల్బమ్‌లో ఉన్నవి పది పాటలు. ఒక్కోటీ ఒక్కో కథానిక. ‘జానీ 99’లో కార్ల ఫ్యాక్టరీ మూతపడి రోడ్డున పడ్డ కార్మికుడు తాగిన మైకంలో ఒకణ్ని కాల్చి చంపుతాడు. జడ్జి 99 ఏళ్ల శిక్ష వేస్తాడు. ఆ పాటలో చెప్పిన మాహ్వా ఊళ్లోని ఫోర్డు ఫ్యాక్టరీ నిజంగానే 1980లో మూతపడింది. ‘అట్లాంటిక్ సిటీ’లో అప్పులపాలైన కుర్రాడు వేరే దారి లేక రౌడీ ముఠా పనికి ఒప్పుకుంటాడు. ‘హైవే పెట్రోల్‌మన్’లో ఓ పోలీసు, నేరం చేసి పారిపోతున్న తమ్ముణ్ని వెంబడించి వెంబడించి, చివరికి సరిహద్దు దాకా వెళ్లి కారు ఆపేస్తాడు. చట్టమా? తోడబుట్టినవాడా? పాట తీర్పు చెప్పదు. వినేవాళ్లకు వదిలేస్తుంది.

‘యూజ్డ్ కార్స్’ది ఇంకో బాధ. నాన్న సెకండ్‌హ్యాండ్ కారు కొంటుంటే, బేరమాడేవాడి ముందు నాన్న చిన్నబోవడం చూసిన పిల్లాడి కథ. సెకండ్‌హ్యాండ్ స్కూటరు కొన్న రోజు మన ఇళ్లలో ఎంతమంది పిల్లలు ఆ దృశ్యం చూసి ఉంటారో!

అప్పటి అమెరికా పరిస్థితీ అలాగే ఉంది. ఆల్బమ్ విడుదలైన 1982 సెప్టెంబరులో అక్కడి నిరుద్యోగం పది శాతం దాటింది. ఫ్యాక్టరీ గేట్లు వరసగా మూతపడుతున్న రోజులు. కానీ ఈ పాటల్లో నినాదం ఒక్కటీ లేదు. దెబ్బ తిన్న మనిషి మాట్లాడే తీరు ఉంది. అంతే.

జేబులో తిరిగిన క్యాసెట్టు

పాటలయ్యాయి. స్ప్రింగ్‌స్టీన్ తన మేనేజరు, నిర్మాత జాన్ లాండోకు టేపు పంపాడు. దాంతోపాటు నోటు పుస్తకం కాగితాల మీద ఒక్కో పాట గురించీ స్వయంగా రాసిన వివరాలు. అసలు క్యాసెట్టును మాత్రం కవరు కూడా లేకుండా జీన్స్ ప్యాంటు జేబులో వేసుకుని వారాల తరబడి తిరిగాడు. మరి అది నమూనాయే కదా! అసలు రికార్డింగు స్టూడియోలో జరగాల్సి ఉంది.

1982 వసంతంలో న్యూయార్క్‌లోని పవర్ స్టేషన్ స్టూడియోకు బృందం చేరింది. ఒక్కో పాటా బృందంతో వాయించి చూశారు. వాయిద్యాలు బాగున్నాయి. వాయించినవాళ్లు ఉద్దండులు. కానీ ఎక్కడో తేడా కొడుతోంది. పాట పెద్దదవుతున్నకొద్దీ అందులోని మనిషి చిన్నవాడైపోతున్నాడు! డ్రమ్ము మోగేసరికి ఆ హంతకుడి గొంతులోని భయంకరమైన నిదానం మాయమవుతోంది. సరే, స్ప్రింగ్‌స్టీన్ ఒక్కడే స్టూడియోలో మంచి మైకు ముందు కూర్చుని పాడి చూశాడు. అదీ కుదరలేదు. శుభ్రంగా ఉంది, కానీ పడగ్గదిలోని ఆ రాత్రి అందులో లేదు.

విచిత్రం ఏమిటంటే, ఆ స్టూడియో రోజులు వృథా పోలేదు. అదే క్యాసెట్టు మీద నీరసంగా ఉన్న మరో పాట, బృందం చేతిలో పడగానే సింహంలా గర్జించింది. అదే ‘బార్న్ ఇన్ ది యూఎస్ఏ’. అంటే ఒకే టేపులో రెండు రకాల పాటలున్నాయన్నమాట. ఒకటి పదిమంది కలిస్తే బతికే పాట. రెండోది పదిమంది చేరితే చచ్చిపోయే పాట. ఏది ఏదో తేల్చుకోవడానికి ఆయనకు నెలలు పట్టింది.

చివరికి జేబులోంచి క్యాసెట్టు తీసి, ఇదే విడుదల చేద్దామన్నాడు.

ఎగిరిపడ్డ సూది

చెప్పినంత తేలిక కాదది. అప్పటికి ఆల్బమ్ అంటే ప్రధానంగా గ్రామఫోను రికార్డే. క్యాసెట్టు మీది శబ్దాన్ని రికార్డు మీద గాడిగా చెక్కాలి. ఇంజినీరు టోబీ స్కాట్, నిర్మాణ బృందంలోని చక్ ప్లాట్కిన్ ఆ టేపు పట్టుకుని ఒక స్టూడియో నుంచి ఇంకో స్టూడియోకు తిరిగారు. శబ్దం చాలా తక్కువ స్థాయిలో రికార్డయింది. వెనకాల సన్నటి బుస. గాడి చెక్కితే సూది నిలవకుండా ఎగిరిపడుతోంది! ఒక దశలో, ఇక చేసేదేం లేదు, క్యాసెట్టుగా మాత్రమే విడుదల చేద్దామా అని కూడా ఆలోచించారు. చివరికి అట్లాంటిక్ స్టూడియోలో డెనిస్ కింగ్ శబ్దం స్థాయి తగ్గించి, గాడి కుదిర్చాడు.

లోకమంతా కోట్లు పోసి కొత్త యంత్రాలు తెస్తుంటే, పేరుమోసిన ఇంజినీర్లంతా కలిసి వెయ్యి డాలర్ల పెట్టెలోని గరగరను కాపాడటానికి తంటాలు పడటం... ఆ ఏడాది సంగీత ప్రపంచంలో అదో వింత.

1982 సెప్టెంబరు 30న కొలంబియా రికార్డ్స్ ‘నెబ్రాస్కా’ను విడుదల చేసింది. ముఖచిత్రం మీద గాయకుడి బొమ్మ లేదు. డేవిడ్ మైఖేల్ కెన్నెడీ ఏళ్ల కిందట ఓ పాత ట్రక్కు అద్దంలోంచి తీసిన ఫొటో అది. మబ్బు పట్టిన ఆకాశం, మంచు, ఖాళీ రోడ్డు. కచేరీ యాత్ర లేదు. ‘అట్లాంటిక్ సిటీ’ పాటకు నలుపు తెలుపుల్లో వీడియో తీశారు కానీ అందులోనూ స్ప్రింగ్‌స్టీన్ కనిపించడు. ప్రచారం లేకపోయినా ఆల్బమ్ అమెరికా పట్టికలో మూడో స్థానం దాకా వెళ్లింది. ఆ మరుసటి ఏడాదే జానపద, కంట్రీ సంగీత దిగ్గజం జానీ క్యాష్ ఇందులోని రెండు పాటలు తన గొంతుతో పాడాడు. ‘హైవే పెట్రోల్‌మన్’ కథతో నటుడు షాన్ పెన్ 1991లో ‘ది ఇండియన్ రన్నర్’ సినిమా తీశాడు.

నాన్న ఇల్లు

ఆల్బమ్ బయటికి వెళ్లిపోయింది. దాన్ని రాయించిన చీకటి మాత్రం లోపలే ఉండిపోయింది. ఆ రోజుల్లోనే ఓ మిత్రుడితో కలిసి కార్లో అమెరికాను అడ్డంగా దాటుతూ కాలిఫోర్నియాకు బయల్దేరాడు. దారిలో టెక్సాస్‌లోని ఓ చిన్న ఊళ్లో జాతర జరుగుతోంది. కుటుంబాలు, పిల్లలు, ఆటపాటలు. అది చూస్తూ నిలబడ్డ మనిషికి ఉన్నట్టుండి గుండె చిక్కబట్టినట్టయింది. తానెప్పుడూ ఇలాంటి సందడికి బయటే నిలబడి చూస్తానన్న దిగులు ముంచెత్తింది. లాస్ ఏంజెలిస్ చేరాక లాండోకు ఫోన్ చేశాడు. లాండో ఓ మానసిక వైద్యుణ్ని చూపించాడు. డిప్రెషన్‌కు ఆయన చికిత్స అలా మొదలై దశాబ్దాలపాటు సాగింది. ఈ సంగతులన్నీ 2016లో వచ్చిన ఆత్మకథ ‘బార్న్ టు రన్’లో దాచుకోకుండా రాశాడు.

ఆ చికిత్సలో ఓసారి, పాత ఇళ్ల ముందు కార్లో తిరిగే అలవాటు గురించి చెప్పాడట. అక్కడేదో తప్పు జరిగింది, దాన్ని సరిచేయగలవేమోనని వెళ్తున్నావు, కానీ సరిచేయలేవు... అన్నది వైద్యుడి మాటల సారాంశం. ‘మై ఫాదర్స్ హౌస్’ అనే పాట వింటే ఆ మాట విలువ తెలుస్తుంది.

నాన్న డగ్లస్ చీకటి వంటగదిలో ఒంటరిగా, మౌనంగా కూర్చునేవాడు. కొడుకుతో మాటల్లేవు, ఉంటే పోట్లాటే. అది కోపం కాదు, జబ్బు అని ఇంట్లోవాళ్లకు తెలిసేసరికి ఏళ్లు గడిచిపోయాయి. మన ఇళ్లలోనూ ఇలాంటి నాన్నలు తక్కువేం కాదు. ‘ఆయన స్వభావమే అంత’ అని సర్దుకుపోతాం. 1990లో స్ప్రింగ్‌స్టీన్ తండ్రి కాబోతున్న సమయంలో డగ్లస్ వందల మైళ్లు కారు నడుపుకుంటూ కొడుకింటికి వచ్చాడు. నువ్వు మమ్మల్ని బాగా చూసుకున్నావు, నేనే నిన్ను సరిగ్గా చూసుకోలేదు అన్న అర్థం వచ్చేలా నాలుగు ముక్కలు చెప్పాడు. ఆ నాలుగు ముక్కల కోసం కొడుకు 40 ఏళ్లు ఎదురుచూశాడు. డగ్లస్ 1998లో కన్నుమూశాడు.

నడిగూడెం దాకా ఎందుకు?

ఎక్కడి న్యూజెర్సీ, ఎక్కడి నడిగూడెం! హైదరాబాద్-విజయవాడ హైవే మీద సూర్యాపేట, కోదాడ మీదుగా రోజూ తిరిగేవారికి ఈ రాక్ గొడవ ఎందుకూ అనిపించవచ్చు. కానీ ఒంటి గొంతుతో కథ చెప్పడం ఈ నేలకు కొత్త కాదు. సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన పాటను గౌతమ్ ఘోష్ ‘మాభూమి’ సినిమాలో గద్దర్ పాడాడు. ఆ పాట ఈనాటికీ రోమాలు నిక్కబొడిపిస్తుంది. అందులో ఎన్ని వాయిద్యాలున్నాయని ఎవరైనా లెక్కపెట్టారా? సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో తెల్లవార్లూ వినిపించే గొంతులకు స్టూడియో మెరుగులు ఎవరు దిద్దారు?

క్యాసెట్టు వచ్చిన తర్వాత మన దగ్గరా ఇలాంటి మార్పే జరిగింది. 1980లలో మన దేశంలో టేప్‌రికార్డర్లు చవకయ్యాక, అప్పటిదాకా పెద్ద కంపెనీలు పట్టించుకోని జానపదాలు, భజనలు, ఉద్యమ గీతాలు క్యాసెట్లెక్కి ఊళ్లు చుట్టాయి. పాట పాడటానికి పట్నం అనుమతి అక్కర్లేదని పల్లెకు చెప్పింది ఆ చిన్న ప్లాస్టిక్ డబ్బాయే. ఇప్పుడు ఆ పని సెల్‌ఫోన్ చేస్తోంది. ఒకప్పటి పోర్టాస్టూడియో చేసినదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ పని చేయగల యంత్రం ప్రతి ఇంట్లోనూ ఉంది.

మరి లోటేమిటి? స్ప్రింగ్‌స్టీన్ కథ చెప్పేది అదే. యంత్రం ఆయనకు పాట ఇవ్వలేదు. ఎవరూ వినడం లేదన్న ధీమా ఇచ్చింది. వినేవాళ్లు లేరనుకున్నప్పుడే మనిషి అబద్ధం ఆడకుండా పాడతాడు. ఆ టేపు నమూనా మాత్రమే అనుకోబట్టే ఆయన అంత నిజంగా పాడగలిగాడు. దాన్ని మళ్లీ పాడలేనని తెలిసి, తప్పులతో సహా ఒప్పుకోవడం రెండో గొప్పతనం.

ఆ రోజుల మీద వారెన్ జేన్స్ 2023లో పుస్తకం రాశాడు. దాని ఆధారంగా స్కాట్ కూపర్ దర్శకత్వంలో ‘స్ప్రింగ్‌స్టీన్: డెలివర్ మీ ఫ్రమ్ నోవేర్’ సినిమా 2025 అక్టోబరులో విడుదలైంది. స్ప్రింగ్‌స్టీన్‌గా జెరెమీ అలెన్ వైట్ నటించాడు. అదే నెలలో, పవర్ స్టేషన్ స్టూడియోలో బృందంతో చేసి పక్కన పెట్టేసిన పాటలూ 43 ఏళ్ల తర్వాత బయటికొచ్చాయి. ఇప్పుడు ఎవరైనా రెండూ పక్కపక్కన పెట్టి వినొచ్చు. బృందం వాయించింది వింటే బాగుందనిపిస్తుంది. ఆ తర్వాత పడగ్గది టేపు వింటే, గదిలో ఎవరో మన పక్కనే కూర్చుని చెబుతున్నట్టుంటుంది.

మీ ఇంట్లో అమ్మమ్మ దంచేటప్పుడు పాడిన పాటో, నాన్న ఎప్పుడో ఒకసారి నోరు విప్పి చెప్పిన కథో ఉంటే... వంటగదిలో కుక్కరు కూత పడుతోందనీ, వీధిలో కుక్క మొరుగుతోందనీ ఆగిపోకండి. ఫోను పక్కన పెట్టి, మీట నొక్కండి. ఆ చప్పుళ్లూ ఇంటివే!

‘నెబ్రాస్కా’ క్లుప్తంగా...

గాయకుడు, రచయిత: బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్

విడుదల: 1982 సెప్టెంబరు 30

పాటలు: 10. నిడివి సుమారు 41 నిమిషాలు

రికార్డింగు: కోల్ట్స్ నెక్, న్యూజెర్సీలోని అద్దె ఇంట్లో

యంత్రం: నాలుగు ట్రాకుల టాస్కామ్ 144 పోర్టాస్టూడియో

అమ్మకాలు: ఒక్క అమెరికాలోనే 10 లక్షల ప్రతులకు పైగా

తర్వాతి ఆల్బమ్: ‘బార్న్ ఇన్ ది యూఎస్ఏ’ (1984 జూన్ 4). ఇందులోని 7 పాటలు అమెరికా తొలి పది స్థానాల్లో నిలిచాయి.